జీకే ఏడాదిగా చదువుతున్నా మాక్ టెస్టులో మార్కులు కదలడం లేదు, ఏం మార్చాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పగలు ప్రైవేటు ఉద్యోగం, రాత్రి రెండు గంటలు చదువు. ఎస్ఎస్‌సీ సీజీఎల్, రైల్వే ఎన్‌టీపీసీ, తెలంగాణ గ్రూప్-2 మూడూ రాద్దామనుకుంటున్నారు. వేల బిట్లున్న జీకే పుస్తకం రెండుసార్లు పూర్తి చేశారు. అయినా సీజీఎల్ మాక్‌లో జనరల్ అవేర్‌నెస్ 25 ప్రశ్నలకు 12, 13 దగ్గరే ఆగుతోంది. పుస్తకం మూడోసారి తిరగేయాలా, లేక టెస్ట్ సిరీస్ కొనాలా?

మూడోసారి చదవకండి. టెస్ట్ సిరీస్ కూడా ఇప్పుడే వద్దు. పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని, ఒక్కో ప్రశ్నలో జవాబునే కాకుండా నాలుగు ఆప్షన్లనూ విప్పి చదవండి. తప్పినవాటిని కొన్ని రోజుల ఎడంతో మళ్లీ మళ్లీ మిమ్మల్ని మీరే అడగండి. చాలా ఏళ్లుగా పోటీ పరీక్షల పిల్లలకు జనరల్ స్టడీస్ చెబుతున్నాను. మీలా సగం దగ్గర ఆగిపోయినవాళ్లు నా దగ్గరికి ఎక్కువగానే వస్తారు. వాళ్లలో ముందుకు కదిలినవాళ్లు దాదాపు అందరూ ఈ దారిలోనే కదిలారు.

బిట్ బ్యాంకుతో చిక్కు ఎక్కడంటే, ప్రశ్న పక్కనే జవాబు ఉంటుంది. కన్ను రెండింటినీ ఒకేసారి చూస్తుంది, "ఆ, ఇది నాకు తెలుసు" అనిపిస్తుంది. పేజీలు చకచకా తిరుగుతాయి, చదివామన్న తృప్తి కూడా ఉంటుంది. పరీక్షలో మాత్రం ఆ జవాబు పక్కన ఇంకో మూడు ఉంటాయి. ఆ మూడూ మీరు ఎక్కడో విన్న పేర్లే. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తుచేసుకోవడం వేరు. మీరు ఏడాదిగా చేసింది మొదటిది, పరీక్ష అడిగేది రెండోది.

"ఆప్షన్లు విప్పడం" అంటే ఏమిటో ఒక ప్రశ్న మీద చూపిస్తాను.

2003 నాటి 92వ రాజ్యాంగ సవరణ ద్వారా 8వ షెడ్యూల్లో చేరని భాష ఏది? ఎ) బోడో బి) డోగ్రీ సి) కొంకణి డి) మైథిలి

8వ షెడ్యూల్ అంటే రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా. జవాబు కొంకణి. బిట్ బ్యాంకు చదివేవాళ్లు ఇక్కడితో వదిలేసి తర్వాతి ప్రశ్నకు వెళ్తారు. మీరు వెళ్లకండి. 92వ సవరణతో చేరినవి నాలుగు కదా, నాలుగోది ఏది? సంథాలీ. మరి కొంకణి ఎప్పుడు చేరింది? 1992లో 71వ సవరణతో, మణిపురి, నేపాలీలతో కలిపి. అంతకుముందు? 1967లో 21వ సవరణతో సింధీ ఒక్కటే. రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు ఉన్నవి 14. ఇప్పుడు కూడండి: 14, 1, 3, 4, మొత్తం 22. లెక్క సరిపోయిందంటే ఏదీ వదల్లేదన్నమాట. ఈ కూడిక ఒకసారి చేతితో వేసినవాళ్లు పరీక్షలో తడబడరు.

ఇంకో అడుగు వేయండి. భాషలంటే ప్రాచీన హోదా గుర్తొస్తుంది. తమిళం 2004, సంస్కృతం 2005, తెలుగు, కన్నడ 2008, మలయాళం 2013, ఒడియా 2014. ఆపైన 2024 అక్టోబరులో మరాఠీ, పాలీ, ప్రాకృతం, అస్సామీ, బెంగాలీలకు ఇవ్వడంతో మొత్తం 11 అయ్యాయి. ఇప్పుడు రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక మంచి విషయం బయటపడుతుంది: పాలీ, ప్రాకృతాలకు ప్రాచీన హోదా ఉంది, 8వ షెడ్యూల్లో మాత్రం చోటు లేదు. "ప్రాచీన హోదా ఉన్న భాషలన్నీ 8వ షెడ్యూల్లో ఉన్నాయి" అని గ్రూప్-2లో ఒక వాక్యం ఇస్తే అది తప్పని క్షణంలో చెప్పగలరు. ఒక్క ప్రశ్న నుంచి కనీసం ఏడెనిమిది ప్రశ్నల సరుకు వచ్చింది. పైగా అవి విడివిడిగా కాకుండా ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి కాబట్టి తొందరగా జారిపోవు.

దీనికి టైం పడుతుంది. మొదట్లో గంటలో ఏడెనిమిది ప్రశ్నలకు మించి విప్పలేరు. రోజుకు రెండొందల బిట్లు చదివిన అలవాటుకు ఇది చాలా నెమ్మదిగా అనిపిస్తుంది, టెన్షన్ కూడా వస్తుంది. మొదటి రెండు మూడు వారాలు ఓపిక పట్టండి. ఆ తర్వాత కొత్త ప్రశ్న విప్పబోతే అందులో రెండు ఆప్షన్లు ఇదివరకే విప్పినవిగా కనిపిస్తాయి. పని దానంతటదే వేగం అందుకుంటుంది.

పేపరు రాసేటప్పుడు ఇంకో పని తప్పకుండా చేయండి. ప్రతి జవాబు పక్కనా ఒక గుర్తు పెట్టండి: కచ్చితంగా తెలుసు, సగం తెలుసు, ఊహించాను. కీ చూసుకున్నాక మార్కులు లెక్కపెట్టడం ఆపి ఈ గుర్తులు చూడండి. ఊహించి తప్పినవి పెద్ద సమస్య కాదు, అవి ఎలాగూ తెలియవు. సగం తెలిసి తప్పినవి రివిజన్‌తో సరిపోతాయి. అన్నిటికంటే ప్రమాదం "కచ్చితంగా తెలుసు" అని పెట్టి తప్పినవి. వాటిని మీరు మళ్లీ ఎప్పుడూ చదవరు, ఎందుకంటే వచ్చనే అనుకుంటారు.

నా దగ్గర బీఎస్సీ చదివిన ఒకమ్మాయి ఉండేది. సైన్స్ పుస్తకం ముట్టుకునేది కాదు, తన సబ్జెక్టే కదా అని. గుర్తులు పెట్టించి చూస్తే "కచ్చితంగా తెలుసు" దగ్గర తప్పినవి ఎక్కువగా సైన్సులోవే. వాషింగ్ సోడా సోడియం కార్బొనేట్, బేకింగ్ సోడా సోడియం బైకార్బొనేట్, ఈ రెండూ తారుమారు. బి1 లోపంతో బెరిబెరి, బి3 లోపంతో పెల్లాగ్రా, అవీ తారుమారు. డిగ్రీలో చదివిన పెద్ద విషయాల కింద పడి పదో తరగతి విషయాలు నలిగిపోయాయి. ఆరు నుంచి పది వరకు స్కూలు సైన్స్ పుస్తకాలు మళ్లీ చదివించాను. రైల్వే పరీక్షలో సైన్స్ అడిగేది ఆ స్థాయిలోనే. ఆ అమ్మాయికి తర్వాత అవే గట్టి మార్కులు అయ్యాయి.

సబ్జెక్టును బట్టి విప్పే తీరు మారుతుంది. అన్నిటికీ ఒకే మంత్రం పనిచేయదు.

జాగ్రఫీ అయితే పక్కన మ్యాప్ లేకుండా ఒక్క ప్రశ్న కూడా చేయకండి. గోదావరి ఉపనదులన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పే కుర్రాడొకడు నా క్లాసులో ఉండేవాడు. వాటిలో కుడి వైపు నుంచి కలిసేవేవో చెప్పమంటే ఆగిపోయాడు. మ్యాప్ తెచ్చి, నాసిక్ దగ్గర త్ర్యంబకం మీద వేలు పెట్టించి, నది వెంట నడిపించాను. కుడి వైపు ప్రవర. తెలంగాణలోకి అడుగుపెట్టే చోట కందకుర్తి దగ్గర మళ్లీ కుడి వైపు నుంచే మంజీర. ఆ మంజీర మీదే సింగూరు, నిజాంసాగర్. కిందికి వస్తే శ్రీరాంసాగర్, ఇంకా కిందికి కుడి వైపు మానేరు. ఎడమ వైపు కాళేశ్వరం దగ్గర ప్రాణహిత, ఆ తర్వాత ఇంద్రావతి, ఇంకా దిగువన శబరి. రాజమహేంద్రవరం చేరేసరికి ప్రాజెక్టులు, ఊళ్లు, ఉపనదులు అన్నీ వరసలో కూర్చున్నాయి. ఎగువ నుంచి దిగువకు అమర్చమన్నా, కుడి ఎడమలు అడిగినా ఇక ఇబ్బంది లేదు. కృష్ణకూ ఇలాగే మహాబలేశ్వరం నుంచి మొదలుపెట్టి మీరే చేసుకోండి.

తెలంగాణ ఉద్యమ చరిత్ర, అంటే మీ గ్రూప్-2 నాలుగో పేపరు, తేదీల పట్టికగా చదివితే నెలలో మరిచిపోతారు. అక్కడ పట్టుకోవాల్సింది ఏది దేనికి దారితీసిందన్నది. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం. దాని హామీలు అమలు కాలేదన్న అసంతృప్తి, స్థానికులకే ఉద్యోగాలివ్వాలన్న ముల్కీ నిబంధనల ఉల్లంఘన, వీటితో 1969 ఉద్యమం. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు చెబితే, దానికి ఎదురుగా కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం. రెండు వైపుల ఆందోళనకూ రాజీగా 1973లో ఆరు సూత్రాల పథకం. ఆ పథకానికి చట్టబలం కావాలి కాబట్టి 32వ సవరణ, దాంతో రాజ్యాంగంలో 371డి ఆర్టికల్. 371డి కింద ఉద్యోగాల లోకల్ కోటా కోసం 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు. ఆ ఉత్తర్వులను మీరి జరిగిన నియామకాలను సరిదిద్దడానికి 1985 డిసెంబరులో 610 జీవో. చూడండి, ఇందులో ప్రతి మెట్టూ ముందు మెట్టు వల్లే వచ్చింది. కాలక్రమంలో అమర్చమని అడిగితే తేదీ గుర్తులేకపోయినా వరస తప్పదు. ఇలాంటి చోట నాలుగు ఆప్షన్లనూ విడివిడిగా విప్పడం కంటే నాలుగింటి మధ్య దారం వెతకడం మేలు.

పాలిటీలో ఒకే విషయాన్ని మీ మూడు పరీక్షలూ వేరువేరుగా అడుగుతాయి. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా ఎంతో సూచించే ఆర్థిక సంఘాన్ని తీసుకోండి. ఎన్‌టీపీసీలో "ఆర్థిక సంఘం గురించి చెప్పే ఆర్టికల్ ఏది?" అని సూటిగా రావచ్చు, 280 అని పెట్టేస్తారు. సీజీఎల్‌లో ఛైర్మన్ పేరు అడగొచ్చు, 16వ సంఘానికి అరవింద్ పనగరియా. గ్రూప్-2లో అయితే మూడు వాక్యాలు ఇస్తారు: రాష్ట్రపతి నియమిస్తారు, ఛైర్మన్ కాక నలుగురు సభ్యులుంటారు, సిఫార్సులను కేంద్రం తప్పనిసరిగా అమలు చేయాలి. మొదటి రెండూ నిజం, మూడోది కాదు, అవి సలహాలే. కాబట్టి ఎప్పుడూ గ్రూప్-2 లోతులో విప్పండి, మిగతా రెండు పరీక్షలూ అందులోనే కవర్ అవుతాయి. విప్పేటప్పుడు మొదటి ఛైర్మన్ కె.సి. నియోగి, ఆరో సంఘానికి కాసు బ్రహ్మానందరెడ్డి, పద్నాలుగో సంఘానికి వై.వి. రెడ్డి అని పేర్లు కూడా రాసుకోండి. రాష్ట్ర ఆర్థిక సంఘం 243ఐ అని పక్కనే చేర్చండి, చాలామంది 280తో కలిపేసుకునేది దాన్నే.

కరెంట్ అఫైర్స్ గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. రోజూ యూట్యూబ్‌లో గంట వీడియో చూడటం అలవాటైతే తగ్గించండి. ఒక నెలవారీ మ్యాగజైన్ చాలు. ప్రతి వార్త కిందా దానికి సంబంధించిన స్టాటిక్ విషయం ఒక్క లైను మీ చేత్తో రాయండి. ఏదో చిత్తడి నేల, అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలలుండే రామ్‌సర్ జాబితాలో చేరిందని వార్త వస్తే, కింద "రామ్‌సర్ ఇరాన్‌లో ఉంది, ఒప్పందం 1971 ఫిబ్రవరి 2, అందుకే ఆ రోజు ప్రపంచ చిత్తడి నేలల దినం, మన కొల్లేరు ఈ జాబితాలోకి 2002లో వచ్చింది" అని. వార్త పాతబడిపోవచ్చు, ఆ లైను పాతబడదు.

పాతబడటం అంటే గుర్తొచ్చింది. మీ బిట్ బ్యాంకు ఏ సంవత్సరం ముద్రణో ఒకసారి చూడండి. తెలంగాణ జిల్లాలు 10 అని ఉన్న పుస్తకాలు, 31 అని ఉన్న పుస్తకాలు ఇంకా పిల్లల చేతుల్లో కనిపిస్తున్నాయి. 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేటలతో 33. దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూ 2020 జనవరి 26న కలిసిపోయాక కేంద్రపాలిత ప్రాంతాలు 8. హత్యకు శిక్ష ఐపీసీ 302 అని ఇంకా కంఠస్థం చేస్తున్నారు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అందులో అది సెక్షన్ 103.

ఇంకా చిక్కైనది 2011 జనాభా లెక్కలు. దేశ అక్షరాస్యత ఒక పుస్తకంలో 74.04 శాతం ఉంటుంది, ఇంకో దాంట్లో 72.99. లింగ నిష్పత్తి ఒక చోట 940, మరో చోట 943. అచ్చుతప్పేమో అని పిల్లలు ఏదో ఒకటి కొట్టేస్తారు. అచ్చుతప్పు కాదు. 74.04, 940 ముందుగా విడుదల చేసిన తాత్కాలిక అంకెలు, 72.99, 943 తుది అంకెలు. రెండూ తెలిసుండాలి, ఆప్షన్లలో రెండూ ఉంటే తుది అంకెకే వెళ్లాలి. పాత పేపర్ల కీ విషయంలో కూడా ఇదే జాగ్రత్త. కమిషన్ వెబ్‌సైట్‌లో ఉండే తుది కీ మాత్రమే చూడండి, ప్రాథమిక కీ తర్వాత మారుతుంది. బయట దొరికే సంకలనాల్లో కొన్నిటికి జవాబులు తప్పు ఉంటాయి, అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ స్కూలు పుస్తకంతోనో తెలుగు అకాడమీ పుస్తకంతోనో సరిచూసుకోండి.

మీ రెండు గంటల్లో గంట లెక్కలకు, రీజనింగ్‌కు పోయిందనుకుందాం. మిగిలిన గంట ఇలా పెట్టండి. మొదటి పది నిమిషాలు పాత తప్పులు. తప్పుల నోటుబుక్‌లో ఎడమ పేజీలో ప్రశ్న, కుడి పేజీలో జవాబు రాసుంటే, కుడి పేజీ మూసి నోటితో చెప్పుకోవచ్చు. రాసిన మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి. మూడుసార్లూ వచ్చినదాన్ని కొట్టేయండి, లేకపోతే నోటుబుక్ లావై మీరే తెరవడం మానేస్తారు. తర్వాత పాత పేపరు నుంచి పదిహేను ప్రశ్నలు, గడియారం పెట్టుకుని ఆరు నిమిషాల్లో. మిగతా టైమంతా తప్పినవాటిని, సగం తెలిసినవాటిని విప్పడానికి. ఆదివారం ఒక పూర్తి పేపరు. ఇంతకంటే పెద్ద టైంటేబుల్ వేసుకుంటే ఉద్యోగం చేస్తూ నిలబెట్టుకోవడం కష్టం.

సీజీఎల్ గురించి ఒక మాట. ఆ పేపరు ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తుంది. తెలుగు మీడియంలో చదివినవాళ్లు విషయం తెలిసి కూడా పదం తెలియక పోగొట్టుకుంటారు. మీ నోటుబుక్‌లో ద్రవ్యలోటు, పునరుత్పాదక శక్తి, కిరణజన్య సంయోగక్రియ లాంటి ప్రతి పదం పక్కనా దాని ఇంగ్లిష్ పేరు రాసుకుంటూ వెళ్లండి. రైల్వే పేపరు తెలుగులో రాసుకోవచ్చు, గ్రూప్-2లో తెలుగు, ఇంగ్లిష్ రెండూ పక్కపక్కనే ఉంటాయి.

ఇక తెలియనివాటిని పెట్టాలా వదలాలా అన్నది. దీనికి ధైర్యంతో పనిలేదు, లెక్క చాలు. ఎన్‌టీపీసీలో ఒప్పుకు 1, తప్పుకు 1/3 కోత. ఏమీ తెలియని నాలుగు ప్రశ్నలు గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగిలి 1 వస్తుంది, మూడు తప్పి 1 పోతుంది. లాభం సున్నా. కానీ ఒక్క ఆప్షన్ కచ్చితంగా కాదని తెలిస్తే లెక్క మారుతుంది: అలాంటి మూడు ప్రశ్నల్లో ఒకటి తగిలి 1, రెండు తప్పి 2/3 పోయినా కొంత మిగులుతుంది. సీజీఎల్ మొదటి దశలో ఒప్పుకు 2, తప్పుకు 0.50 కాబట్టి ఇంకాస్త అనుకూలం. తెలంగాణ గ్రూప్-2లో ఇప్పటివరకు నెగెటివ్ లేదు, ఒక్కటి కూడా ఖాళీ వదలకూడదు. అదే ఆంధ్రప్రదేశ్ గ్రూప్-2 రాస్తే 1/3 కోత ఉంది. నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ ఈ నిబంధన మళ్లీ చదవండి. ఆప్షన్లు విప్పే పద్ధతి ఇక్కడ కూడా ఆదుకుంటుంది. జవాబు తెలియకపోయినా "కొంకణి అప్పుడు కాదు" అని ఒకదాన్ని తీసేయగలిగేది ఆప్షన్లను చదివినవాళ్లే.

టెస్ట్ సిరీస్ ఎప్పుడు కొనాలంటే, ఈ పద్ధతిలో రెండు మూడు నెలలు గడిచి, పాత పేపర్లలో "కచ్చితంగా తెలుసు" అని పెట్టి తప్పేవి బాగా తగ్గాక. అప్పుడు కూడా ఒక్క పరీక్షకే, ముందు ఏ పరీక్ష తేదీ ఉంటే దానికే కొనండి. మాక్ రాసిన రోజే దాన్ని విప్పడం పూర్తి చేయండి, మర్నాటికి వదిలితే ఏ ఆప్షన్ ఎందుకు పెట్టారో గుర్తుండదు. ఈలోగా మీరు రాసిన చివరి రెండు మాక్‌లలో తప్పులను హిస్టరీ, పాలిటీ, సైన్స్ అని వేరుచేసి ఇక్కడ పెడితే, ఏ సబ్జెక్టు పేపర్లతో మొదలుపెట్టాలో చూసి చెబుతాను.